వర్బాన్యా నదిలో ఈత నిషేధం

యుద్ధకాలంలో పరిపాలన కుంటుపడుతుందన్నది ఒక అపోహ. నమ్మకం కుదరనివారు 1992లో యుద్ధం మొదలైన బోస్నియాలో, అక్కడి సెర్బుల నేత రదొవాన్ కరాజిచ్ నాయకత్వంలోని సెర్బ్ డెమోక్రటిక్ పార్టీ నడిపిన మునిసిపాలిటీల దస్త్రాలు తిరగేయవచ్చు.

బాన్యా లూకా దగ్గర చెలినాత్స్ అనే చిన్న ఊరుంది. ఆ ఏడాది జూలైలో అక్కడి యుద్ధకాల అధ్యక్ష మండలి, సెర్బులు కాని (ముస్లిములు, క్రొయేట్లు వంటి) కొందరు పౌరులకు వారు అడగకుండానే ప్రత్యేక హోదా ప్రసాదించింది. ఆ హోదా పొందినవారు సాయంత్రం 4 నుంచి ఉదయం 6 వరకు వీధిలో కనిపించరాదు, కారు నడపరాదు, ముగ్గురు మగవాళ్లకు మించి ఒకచోట చేరరాదు, పోస్టాఫీసు ఫోను తప్ప మరో ఫోను ముట్టరాదు, చేపలు పట్టరాదు, వర్బాన్యా, యోషావ్కా నదుల్లో స్నానం చేయరాదు. ఈ చివరి నిబంధన రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆయన ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలి. నడివేసవిలో ఒక్క వర్బాన్యా పేరే రాసి ఊరుకుంటే ఏ ముస్లిం ముసలాయనో తువ్వాలు భుజాన వేసుకుని దర్జాగా యోషావ్కాలో మునిగి వచ్చేవాడు కదా! రాజ్య భద్రత ఏమైపోయేది?

అదే ప్రాంతంలోని మరో పట్టణం ప్రియెదోర్ పాలకులు ఇంత కాగితం ఖర్చు పెట్టలేదు. సెర్బులు కానివారు ఇళ్లకు తెల్లగుడ్డలు కట్టాలని, బయటికొస్తే చేతికి తెల్లపట్టీ చుట్టుకోవాలని రేడియోలో చెప్పించారు. మే 31న ఒమార్స్కా ఇనుప గనిని 'తాత్కాలిక సమీకరణ కేంద్రం' చేస్తూ ఉత్తర్వు వెలువడింది. అక్కడ సమీకరించినవారిలో వందలమంది తిరిగి రాలేదు. ఉత్తర్వులో తాత్కాలికమన్న మాట కేంద్రానికే గానీ మనుషులకు కాదని వారు అనుకుని ఉండరు.

ఊరు విడిచిపోయేవారినీ ఊరికే పోనివ్వలేదు. ఇష్టపూర్వకంగానే పోతున్నామని, ఇల్లూ వాకిలీ వదులుకుంటున్నామని సంతకం చేయాలి. కరెంటు, నీటి బిల్లుల బకాయి లేదని ధ్రువపత్రం తేవాలి. తరిమేసేవాడికి బాకీ పడి పోవడం మర్యాద కాదు గదా.

ఈ క్రమశిక్షణ వల్ల తర్వాత ఈ యుద్ధ నేరాలను విచారించిన హేగ్ అంతర్జాతీయ ట్రైబ్యునల్ ప్రాసిక్యూటర్లకు ఎంతో శ్రమ తప్పింది. వారికి కావలసిన తేదీలు, సంతకాలు, ముద్రలు దస్త్రాల్లోనే దొరికాయి. నదుల పేర్లు కూడా, రెండూ విడివిడిగా.