ఎలుక దిగిన మానవుడు

వినాయకుడు ఎలుకనెక్కి తిరగడానికి ఒక పురాణకథ ఉంది. మనం కంప్యూటర్ ఎలుకను, అదే మౌస్‌ను, ఎందుకు ఎక్కి తిరుగుతున్నామో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెయ్యి ఆనించడం, చిటుక్కుమనిపించడం, ఏదో ఒకటి తెరుచుకోవడం, ఇంతే మన కంప్యూటర్ పాండిత్యం. మాటలు రాని పసివాడు అరటిపండు వైపు వేలు చూపించి "ఉఁ, ఉఁ" అంటాడు చూడండి, అదీ ఇదీ ఒకటే. ఇరవై తొమ్మిదేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన నేను కూడా లాప్‌టాప్ ముందు "ఉఁ, ఉఁ" అంటూ బతుకుతున్నానని పోయిన దసరా సెలవుల్లో తెలిసొచ్చింది.

తెలియజేసినవాడు మా మేనల్లుడు. నా లాప్‌టాప్‌కి వయసైపోయిందనీ, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని గడప తొక్కనివ్వదనీ తేల్చి, పైసా ఖర్చు లేకుండా లినక్స్ కుటుంబానికి చెందిన ఉబుంటు అనే సిస్టమ్ ఎక్కించాడు. వెళ్తూ వెళ్తూ, "మామయ్యా, బ్రౌజరుంది, నీ ఫోటోలున్నాయి, హాయిగా వాడుకో. ఆజ్ఞలు టైప్ చేసే ఆ టెర్మినల్ జోలికి మాత్రం పోకు" అన్నాడు. మూడు దిక్కులకీ వెళ్ళు, నాలుగో దిక్కుకి వెళ్ళకు అని చెప్తే రాకుమారుడు ఏం చేస్తాడో మన కథలు విన్నవాళ్ళకి వేరే చెప్పాలా? వాడి బస్సు ఊరు దాటకముందే నేను నాలుగో దిక్కున ఉన్నాను.

నల్లటి తెర. దాని మీద నా పేరు, చివర్న ఒక డాలరు గుర్తు, పక్కన మిణుకు మిణుకుమంటూ ఒక గీత. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి అలవాటేమో గానీ, నా పేరు పక్కన డాలరు కనపడటం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి మౌస్ వాడేవాళ్ళను చూస్తే నాకు కోపం రాదు. జాలేస్తుంది.

ముందుగా ఈ దివ్యభాష గురించి నాలుగు ముక్కలు. ఫైళ్ళు చూపించమనడానికి 'ఎల్‌ఎస్'. కాపీకి 'సీపీ'. తీసేయడానికి 'ఆర్‌ఎమ్'. ఇంత పొదుపు ఊరికే రాలేదు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ఈ భాషకు పుట్టిల్లైన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన రోజుల్లో వాళ్ళ ముందున్నది ఇలాంటి తెర కాదు, టెలిటైప్ యంత్రం. దడదడలాడుతూ కాగితం మీద సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. దాని ముందు కూర్చున్నవాడు "ఈ ఫైలును తొలగించవలసిందిగా ప్రార్థన" అని రాస్తాడా? మన టెలిగ్రాములు గుర్తు తెచ్చుకోండి. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." మాటకింత అని లెక్క కాబట్టి అందులో ఏడవడానికి కూడా చోటుండేది కాదు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాము సేవ ఆగిపోయింది గానీ మా ఇంట్లో రోజూ నడుస్తోంది. ఈ పొదుపు పిసినారితనం దాకా పోయిన సందర్భమూ ఉంది. యూనిక్స్‌లో కొత్త ఫైలు పుట్టించే పనికి 'క్రియేట్' అని పేరు పెడుతూ చివరి 'ఈ' అక్షరం ఎగ్గొట్టారు. మళ్ళీ మొదటినుంచి చేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' పెడతానన్నాడట థాంప్సన్. శుభలేఖలో తాతగారి పేరు తప్పు పడితే పెళ్ళయ్యాక కూడా పదేళ్ళు బాధపడే జాతి మనది. ఆయన మనవాడే అనిపించింది.

ఇక అధికారం సంగతి. ముఖ్యమైన పని ఏది చేయాలన్నా ముందు 'సుడో' అనాలి. అనగానే పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెర మీద చుక్క రాలేదు, నక్షత్రం రాలేదు, గీత కదల్లేదు. కీబోర్డు తిరగేసి దులిపాను, రెండు మరమరాలు రాలాయి గానీ ఫలితం లేదు. మేనల్లుడికి ఫోన్ చేశాను.

"టైప్ అవుతోంది మామయ్యా. కనపడదంతే."

"కనపడకపోతే అయిందని నాకెలా తెలుస్తుందిరా?"

"నమ్మాలి."

నమ్మాను. అప్పుడు తేలింది, దొంగవెధవ నాకు మామూలు ఖాతా ఇచ్చి, అసలు తాళాలు తన పేరు మీద పెట్టుకున్నాడని. సుడో వాడదగినవారి జాబితాలో మీ పేరు లేదు, ఈ సంఘటన పైవారికి నివేదించబడును అని సమాధానం వచ్చింది. నా ఇంట్లో, నా టీపాయ్ మీద, నా లాప్‌టాప్ నా మీద చాడీ! రాత్రంతా నిద్రపట్టలేదు. తర్వాత విచారిస్తే ఆ ఫిర్యాదు ఎక్కడికీ వెళ్ళలేదు, నా లాప్‌టాప్‌లోనే లాగ్ ఫైల్ అనే ఏదో చిట్టాలో పడి ఉందట. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత అచ్చమైన ఆఫీసు పద్ధతి నాకింకెక్కడా తగల్లేదు.

ఆ లోపల ఉన్నదంతా ఒక సంసారం. నడిచే ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ప్రతిదానికీ ఒక తల్లి ఉంటుంది, పిల్లలుంటారు. తల్లి ముందే పోతే పిల్లలు అనాథలవుతారు. సాధారణంగా ఒకటో నంబరు ప్రాసెస్ వాళ్ళను దత్తత తీసుకుంటుంది. పోయిన పిల్ల తాలూకు కబురు తల్లి అందుకోకపోతే ఆ పిల్ల పేరు పట్టికలో అలాగే ఉండిపోతుంది. దీన్ని జాంబీ అంటారు. దయ్యమో భూతమో అని భయపడ్డాను గానీ, ఇది మనకు తెలిసిన సంగతే. కాలం చేసినా రేషన్ కార్డులోంచి పేరు తీయించని తాతగారు. తినడు, తిరగడు, నంబరు మాత్రం ఉంటుంది. 'కిల్' కొట్టినా పోడు, ఆల్రెడీ పోయాడు కాబట్టి.

టెర్మినల్‌లో ఫైళ్ళు రాసుకోవడానికి వాడే విమ్ అనే ఎడిటర్ గురించి ఎక్కువ రాయను. దాంట్లోంచి బయటికి రావడం ఎలా అన్న ప్రశ్నను చూసినవాళ్ళు 10 లక్షలు దాటారని 2017లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ళే ప్రకటించారు. నేను వాళ్ళలో లేను. కరెంటు వైరు పీకాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి పని జరిగింది.

ఇన్ని బాధలు పడి కూడా దీన్ని ఎందుకు పట్టుకు వేలాడుతున్నానంటే, గౌరవం. 1991లో హెల్సింకీలో ఒక కుర్ర విద్యార్థి, లైనస్ టోర్వాల్డ్స్, "సరదాకి చేస్తున్నాను, పెద్దదేమీ కాదు" అంటూ మొదలుపెట్టినది ఈ లినక్స్. ప్రపంచంలో అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే 2017 నవంబరు నుంచి ప్రతిదాంట్లోనూ నడిచేది ఇదే. 501వది మా హాల్లో ఉంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థవాళ్ళు పాపం కష్టపడి లినక్స్ మెనూలు తెలుగులోకి తెచ్చారు. తీరా నేను మెనూలే వద్దనే స్థితికి ఎదిగిపోయాను. అయితే టెర్మినల్‌లో తెలుగు చూడాలంటే కాస్త గుండె దిటవు కావాలి. అక్షరానికో గడి అని లెక్క. టెలిటైప్ వంశం కదా. మన వత్తులూ దీర్ఘాలూ ఆ గడుల్లో ఇమడవు. 'నిశ్చితార్థం' అన్న ఫోల్డరు లారీ కింద పడ్డట్టు కనిపిస్తుంది.

ఈ యంత్రానికున్న ఇంకో గొప్ప గుణం మౌనం. చెప్పిన పని చేసేస్తే మాట్లాడదు. మా మామగారూ ఇంతే. కాఫీ బాగుంటే తాగి గ్లాసు కింద పెడతారు, బాగోకపోతేనే నోరు విప్పుతారు. ఆ ఇంటి అల్లుణ్ణి కాబట్టి ఈ పద్ధతి నాకు తెలుసనుకున్నాను.

నా దగ్గర రెండు ఫోల్డర్లుండేవి. ఒకటి 'ఫోటోలు'. అమ్మాయి నిశ్చితార్థం దగ్గర్నుంచి మనవడి అన్నప్రాశన దాకా అన్నీ అందులోనే. రెండోది 'పాత ఫోటోలు'. మసకబారినవి, వేలు అడ్డం పడినవి, జనం పంపిన శుభోదయం గులాబీలు. రెండోది తీసేద్దామని గంభీరంగా కూర్చుని కొట్టాను: ఆర్‌ఎమ్, మైనస్ ఆర్, పాత, ఫోటోలు. 'పాత' అనేది ఇక్కడేదీ లేదని జవాబొచ్చింది. లేకపోవడమేమిటి, కళ్ళ ముందుంటే! దానికి తెలుగు రాదులే అని సరిపెట్టుకుని ఎల్‌ఎస్ కొట్టి చూశాను. పాత ఫోటోలు భద్రంగా ఉన్నాయి. ఫోటోలు లేవు.

మధ్యలో ఖాళీ ఉంటే దానికి అవి రెండు వేర్వేరు పేర్లు. మొదటిది దొరకలేదని ఫిర్యాదు చేసింది, రెండోది దొరికింది కాబట్టి తుడిచేసి ఊరుకుంది. చేయలేని పని గురించి చెప్పింది గానీ చేసిన ఘనకార్యం గురించి ఒక్క ముక్క అనలేదు. చెత్తబుట్టలోనూ వేయదు, ఆర్‌ఎమ్ అంటే పోయినట్టే. పేరుకి అటూ ఇటూ కొటేషన్లు పెట్టాలట. ఎల్‌ఎస్ ఆ పేరును కొటేషన్లలోనే చూపిస్తోంది. నేను అలంకారమనుకున్నాను.

"ఏమండీ, వంటకి ఏం చేయమంటారు?" అని లోపలినుంచి అడిగితే, "ఏదో ఒకటి, నమ్మకం ముఖ్యం" అన్నాను. ఆవిడకు అనుమానం వచ్చేసింది.

ఫోటోలన్నీ ఆవిడ ఫోన్లో ఉన్నాయి. వైరు తగిలించి, టెర్మినల్‌లోంచే లాగుతానని రెండున్నర గంటలు కూర్చున్నాను. ఫోన్ లోపలి దారి పేరు మూడు లైన్లుంది. దానికంటే మా ఊరి పొలం సర్వే నంబరు పొట్టిది. మధ్యలో కాఫీకి లేచి వచ్చేసరికి ఆవిడ మౌస్ పట్టుకుని అన్నీ ఇటు లాగేసి, లేచి వెళ్ళి పప్పు తాలింపు పెడుతోంది.

"నీ ఫోన్లో ఉన్నది ఆండ్రాయిడ్. దాని అడుగున నడిచేది కూడా లినక్సే, తెలుసా?" అన్నాను.

"అవునా. మరి అది ఏమీ చెప్పుకోదేం?"

మాట మార్చాలి కాబట్టి, "రా, అన్నీ వచ్చాయో లేదో చూపిస్తాను" అని పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి కళ్ళజోడు సర్దుకుని పక్కన కూర్చుంది. ఎల్‌ఎస్ కొట్టి ఎంటర్ నొక్కాను. తెర నిండా బిలబిలమంటూ జాబితా దిగింది. ఐఎమ్‌జీ, తేదీ, నంబరు, చుక్క, జేపీజీ. ఐఎమ్‌జీ, తేదీ, నంబరు, చుక్క, జేపీజీ.

చాలాసేపు చూసింది.

"మొహాలేవండీ?" అంది.