ఆ బంగారు నాణెం ఎక్కడ దొరికింది?

1786లో నెల్లూరు దగ్గర ఓ రైతు రాళ్లగుట్ట వారన దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఓ బుల్లి కుండ, దాన్నిండా రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టినా రాణివి. అప్పటికే 1,600 ఏళ్లు దాటినవి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కొలిమిలోకి పోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా వెతికి తెప్పించాడు. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో ఓ ఉత్తరంలో ఇదంతా రాశాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్నిటికి చిల్లులున్నాయట, ఎవరో నగల్లో గుచ్చి వేసుకున్నందుకు.

ఇప్పటికీ నెల్లూరు ఆచారి వీధికి పాత కాసు తీసుకెళ్తే మొదట వినిపించే మాట "టచ్ ఎంతుందో చూద్దాం". టచ్ అంటే బంగారం స్వచ్ఛత. మిషన్లో పెడతారు, క్యారెట్ కాగితం మీద రాసిస్తారు, తూకం వేస్తారు. నగల వ్యాపారానికి అది చాలు. నాణేలు సేకరించేవాళ్లు కూడా ఆ కాగితం చూసి అసలైనదే అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. అరుదైన నాణేనికి బంగారం ధర కంటే ఎన్నో రెట్లు పలుకుతుంది కాబట్టి దొంగ నాణెం చేసేవాడు మంచి బంగారమే వాడతాడు. వాడికి అందులోనే లాభం.

మాకు తెలిసిన ఒకాయన రెండు వరహాలు, అంటే విజయనగర కాలపు బంగారు నాణేలు, కొన్నాడు, ఉదయగిరి వైపు పొలంలో దొరికాయని చెబితే. 1514లో ఉదయగిరి కోట గెలిచి శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లాడు. ఆయన వరహాల మీది బాలకృష్ణుడు ఆ విగ్రహం గుర్తే అంటారు. కాబట్టి కథ బాగా అతికింది. తూకం ఒక్కొక్కటి 3.4 గ్రాములు, వరహాకి ఉండాల్సిందే. టచ్ కూడా బాగానే ఉంది. భూతద్దం కింద పెట్టాక నాకు అనుమానం వచ్చింది. వెనకవైపు నాగరి అక్షరాల అంచులు అరిగిన సబ్బులా గుండ్రంగా ఉన్నాయి. అక్షరాల మధ్య సూదిమొన అంత గుంటలు. పోతపోసిన నాణేనికి ఉండే గుర్తులివి. రెండు నాణేల్నీ పక్కపక్కన పెట్టి చూశాం. బాలకృష్ణుడి మోకాలి కింద రెండింటికీ ఒకే చోట, ఒకే పొడవున లోతు గీత. సుత్తి దెబ్బతో ముద్ర కొట్టిన నాణేల్లో ముద్రలో ఉన్న పగులు అన్నిటి మీదా ఉబ్బుగా కనపడొచ్చు. చేతులు మారేటప్పుడు పడిన గీత మాత్రం ఏ రెండింటికీ ఒకేలా పడదు. గీత ఉన్న ఒక అసలు నాణెం నుంచి అచ్చు తీసి ఈ రెండూ పోతపోశారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇంత చూసినా, నాణెం అసలుదని తేలినా సగం పనే అయినట్టు. నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో బరువు తగ్గించాక రోమన్ బంగారు నాణెం 7.3 గ్రాములకు వచ్చింది, మన ఎనిమిది గ్రాముల సవర కంటే కాస్త తక్కువ. ఆ లెక్క పుస్తకంలో దొరుకుతుంది. ఏ కుండలో, వేటితో కలిసి, ఏ ఊళ్లో బయటపడిందన్నది నాణెం మీద రాసి ఉండదు. దొరికినవాడు చెబితేనే తెలుస్తుంది.

మరి అతను ఎందుకు చెప్పడు? భయం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి యజమానికి పావు అని కూడా అదే చట్టంలో ఉంది. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి చెప్పారు? జైలు మాట ఒక్కటే ఊళ్లో తిరుగుతుంది. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే లోహం విలువ, దానిపైన అయిదో వంతు ఇస్తే చాలు. అంటే చట్టం కూడా దాన్ని పాత బంగారం తూకంతోనే చూస్తోంది. ఇక రైతును తప్పుపట్టి ఏం లాభం? నిపుణులు కట్టిన చారిత్రక విలువ చెల్లించేలా ఆ సెక్షన్ మార్చాలి. దొరికిన చోటనే తహసీల్దారు, చింతపండు పెట్టి తోమకముందే, ఫొటో తీసి సర్వే నంబరు రాసుకోవాలి. నెలకో రోజు కలెక్టరేట్‌లో పురావస్తు శాఖ మనిషి కూర్చోవాలి, టెన్షన్ లేకుండా ఎవరైనా కాసు తెచ్చి చూపించుకునేలా.

ఇది కుదరని పనేం కాదు. అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలతో సహా ఊరూరి శాసనాలూ సేకరించి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చేశారు. ఏ శాసనం ఏ ఊరిదో ఇప్పటికీ చూసుకోవచ్చు. రాళ్లకు చేసిన ఆ పని నాణేలకు ఎవరూ చేయలేదు. డేవిడ్‌సన్ ఉత్తరంలో నవాబు కొడుకు పేరుంది, తను ఎంచుకున్న రెండు నాణేలు ఏవో ఉంది. ఆ రైతు పేరు లేదు. ఊరి పేరూ లేదు. నెల్లూరు దగ్గర, ఓ రాళ్లగుట్ట వారన, అంతే.