మేనత్త సూచీ

ఫైనాన్స్‌లో నిలదొక్కుకోవాలంటే ఏ సర్టిఫికెట్ మేలని మా అన్నయ్య కొడుకు రెండు నెలలుగా ఎక్సెల్ షీటు ముందు కూర్చుని తల బద్దలు కొట్టుకుంటున్నాడు. ఫీజుకో కాలమ్, జీతానికో కాలమ్, పాసయ్యేవాళ్ల శాతానికో కాలమ్. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగేలోపు చేతిలో పడ్డ పాంప్లెట్లన్నీ అందులోకెక్కాయి. అసలు కాలమ్ మాత్రం మర్చిపోయాడు. పెళ్లి భోజనాల దగ్గర మేనత్త "ఏం చదువుతున్నావురా?" అంటే, ఎన్ని వాక్యాల్లో బయటపడగలడు?

హైదరాబాద్‌లో చదువు విలువ కట్టడానికి ఇంతకన్నా శాస్త్రీయమైన కొలమానం లేదని సవినయంగా మనవి. వాక్యాలు తగ్గేకొద్దీ విలువ పెరుగుతుంది. మొన్న కొంపల్లిలో ఒక పెళ్లిలో మా అక్క మీద, అంటే వాడి మేనత్త మీద, ప్రయోగం కూడా చేశాం.

సీఏకి సున్నా వాక్యాలు. 1949 నాటి చట్టం, కంపెనీ ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు, ఇవేవీ చెప్పనక్కర్లేదు. ఆ రెండక్షరాలు వినగానే అక్క వాడి ప్లేటులో ఇంకో పూర్ణం వేయించింది. చిక్కల్లా రెండో ప్రశ్నతోనే: "అయిపోయిందా?" ప్రతి పేపర్లో 40, గ్రూపు, అంటే కొన్ని పేపర్ల కట్ట, మొత్తం మీద 50 శాతం తెచ్చుకోవాలి. ఒక్క పేపర్లో 39 దగ్గర ఆగిపోయినవాడు ఏ పెళ్లికెళ్లినా చెప్పేది ఒకటే మాట, "ఒక గ్రూపు ఉందత్తా." పెళ్లికూతుళ్లు మారతారు, గ్రూపు మారదు.

"సీఎఫ్ఏ" అన్నాడు వాడు ఈసారి. అక్క ముఖం పాలిపోయింది. "సీఏ మధ్యలో ఎఫ్ ఏంట్రా? తప్పావా?"

అక్కణ్నుంచి పదిహేడు వాక్యాలు పట్టాయి, నేనే లెక్కపెట్టాను. పెట్టుబడులను అంచనా వేసే చదువు, అమెరికాలో వర్జీనియా అనే రాష్ట్రం, అక్కడో సంస్థ, మూడు లెవెళ్లు, ఒక్కోదానికి దాదాపు 300 గంటలు చదవాలని ఆ సంస్థే చెబుతుంది. మూడూ దాటినా సరిపోదు, పేరు పక్కన ఆ అక్షరాలు రాసుకోవాలంటే 4,000 గంటల ఉద్యోగానుభవం చూపించాలి. పరీక్ష హాల్లోకి టెక్సస్ కంపెనీదో హెచ్‌పీదో, వాళ్లు చెప్పిన క్యాలిక్యులేటరే పట్టుకెళ్లాలి. ఇది మాత్రం అక్కకి వెంటనే అర్థమైంది. "స్కూలువాళ్లు బూట్లు అమ్మినట్టు," అంది.

మిగతావి గబగబా తేలిపోయాయి. ఎఫ్ఆర్ఎమ్ అంటే రిస్కు లెక్కగట్టే చదువని, రెండు పార్టులని వాడు మొదలుపెట్టేలోపే పక్క కుర్చీ పెద్దాయన "ఫారమా? కోళ్లదా?" అని, షాద్‌నగర్ అవతల స్థలముందని ఫోన్ నంబరు ఇచ్చాడు. ఏసీసీఏ కూడా అకౌంట్ల చదువే, 1904లో లండన్‌లో పుట్టిందట, 13 పేపర్లట. ఇంగ్లీషులో ఆ నాలుగక్షరాలు కలిపి చదివితే "అక్కా" అని వస్తుంది. మేనత్తతో ఆ వరస కుదరదు. ఖర్చుల లెక్కలు నేర్పే సీఎంఏలు రెండున్నాయి. ఒకటి అమెరికాది. ఇంకోటి మనదే, 2012కి ముందు ఐసీడబ్ల్యూఏ. ఆ పాత పేరు చెప్పగానే బావగారి కళ్లు మెరిశాయి. కొత్త పేరు చెప్పగానే ఆరిపోయాయి. మ్యూచువల్ ఫండ్లు అమ్మడానికి కావాల్సిన నిస్మ్ (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) పరీక్ష రెండు గంటల్లో అయిపోతుంది, సర్టిఫికెట్ మూడేళ్లే పనిచేస్తుంది. దాన్ని అక్క "నిజాం పరీక్ష" అని విన్నది, కాబట్టి ఈ ఊళ్లో దానికో గౌరవం దక్కింది. మేం సవరించలేదు.

షీటు నిండింది. వాడు లేవబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అవన్నీ సరేగానీ, నా ఎఫ్‌డీ మీద బ్యాంకోళ్లు టీడీఎస్ కోసేశారు. ఆ డబ్బు వెనక్కి తేవడం వీటిలో దేంట్లో నేర్పుతార్రా?"

వాడు ఫోన్ తీసి షీటులో ఇంకో కాలమ్ కలిపాడు.