మైలు అంటే ఏ మైలు?

మొన్న ఒక వార్త చదువుతూ మధ్యలో ఆగిపోయాను. తీరదేశాలకు సముద్రంలో 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక హక్కులుంటాయని రాసి, పాఠకుల సౌకర్యం కోసం పక్కనే '322 కిలోమీటర్లు' అని లెక్క కట్టి పెట్టారు. గుణకారంలో తప్పు లేదు. తప్పంతా మైలులోనే ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలో ఉన్నవి నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు. ఆ లెక్కన అది 370 కిలోమీటర్లు. 'నాటికల్' అన్న ఒక్క మాట వదిలేసినందుకు 48 కిలోమీటర్ల సముద్రం గల్లంతైంది!

ఈ సంగతి చెబితే 'ఏదైతేనేం, మైలంటే మైలే కదా' అన్నాడొక మిత్రుడు. కానే కాదు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే.

మైలు పుట్టింది రోమన్ల నడకలో. లాటిన్‌లో 'మిల్లే పాసూస్' అంటే వెయ్యి అంగలు. వాళ్ల అంగ అంటే మన నడకలో రెండడుగులు: ఎడమ కాలు నేల మీద ఆనిన చోటు నుంచి మళ్లీ అదే కాలు ఆనే చోటు దాకా. దానికి 5 రోమన్ అడుగుల కొలత. అలాంటివి వెయ్యి వేస్తే సుమారు 1480 మీటర్లు. అంగ అనే మాట రాలిపోయింది, 'వెయ్యి' ఒక్కటే మిగిలి మైలైంది. ఎంత అందమైన పుట్టుకో చూడండి!

మరి ఆ 5000 అడుగులు నేటి మైలులో 5280 ఎలా అయ్యాయి? నాగలి వల్ల. ఇంగ్లండ్‌లో పొలాల కొలతకు ఆధారం ఫర్లాంగు. ఆ మాటకు అర్థమే నాగటి చాలు పొడవు, అంటే 660 అడుగులు. ఫర్లాంగును కదిపితే భూముల లెక్కలన్నీ తారుమారవుతాయి. అందుకే 1593 నాటి చట్టంలో మైలునే సాగదీసి 8 ఫర్లాంగులు చేశారు. నేటి 1609.344 మీటర్ల లెక్క ఖరారైంది 1959లో.

నాటికల్ మైలుకు కాళ్లతోనూ నాగళ్లతోనూ పని లేదు. అది భూగోళం మీద అక్షాంశంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. నావికుడు పటం మీద రెండు చోట్ల మధ్య డివైడర్ మొనలు ఆనించి, అలాగే తీసుకెళ్లి పటం పక్క అంచున ఉన్న అక్షాంశాల గీతల మీద పెడతాడు. ఎన్ని నిమిషాలుంటే అన్ని మైళ్లు. గుణకారాలూ భాగహారాలూ ఏమీ అక్కర్లేదు. ఇంత తెలివైన కొలతను పట్టుకుని 'మైలంటే మైలే' అంటే ఎలా? స్వీడన్‌లో, నార్వేలో 'మిల్' అంటే ఏకంగా 10 కిలోమీటర్లు. అక్కడి వాళ్లు 'రెండు మిల్లులే' అన్నారని మనం నడక మొదలెడితే కాళ్లు పడిపోతాయి.

రాసేవాళ్లను నేనడిగేది ఒక్కటే. సముద్రం, ఓడ, విమానం అని కనబడగానే ఒక్క నిమిషం ఆగి, అది ఏ మైలో మూలంలో చూసుకోండి. నాటికల్ అయితే ఆ మాట తీసేయకండి. ఆ వార్త కింద లెక్కంతా వివరంగా రాశాను. ఇవాళ మళ్లీ చూశాను, ఇంకా 322 అనే ఉంది.