డబ్బు పోతే తప్పు ఎప్పుడూ ఖాతాదారుడిదేనా?

ఎవరి ఖాతాలోనైనా డబ్బు పోయిందంటే బ్రాంచిలో వినిపించే మొదటి మాట, "ఓటీపీ మీరే చెప్పి ఉంటారు." ఇంటికొస్తే చుట్టాలూ అదే అంటారు. కష్టపడి దాచుకున్నది పోగొట్టుకున్న మనిషిని దోషిలా నిలబెడతారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

జాగ్రత్తగా ఉండాలి, కాదనను. కానీ జనానికి ఈ అలవాట్లు నేర్పిందెవరు? "లింకులు నొక్కకండి" అని మెసేజ్ పంపే బ్యాంకే మర్నాడు లోన్ రెడీగా ఉందంటూ ఓ పొట్టి లింకు పంపుతుంది. అది ఏ సైటుకు వెళ్తుందో చూస్తే తెలియదు. "వివరాలు ఎవరికీ చెప్పొద్దు" అంటుంది, వాళ్ల తరఫు మనుషులే మామూలు మొబైల్ నంబరు నుంచి ఫోన్ చేసి పుట్టిన తేదీ అడుగుతారు. మా అమ్మలాంటి వాళ్లు అసలు కాల్‌నీ దొంగ కాల్‌నీ ఎలా వేరు చేయాలి?

లాగిన్ సంగతీ అంతే. చాలాచోట్ల పాస్‌వర్డ్ పేస్ట్ చేయనివ్వరు, కొన్ని నెలలకోసారి మార్చి తీరాలంటారు. పెద్దవాళ్లు ఏం చేస్తారు? పాస్‌బుక్ వెనక పేజీలో పెన్నుతో రాసుకుంటారు, మార్చమన్నప్పుడల్లా చివరి అంకె మారుస్తారు. ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించొద్దని, పేస్ట్ చేయనివ్వాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఇక్కడి ఖాతాలోకి లాగిన్ అవ్వాలంటే ఓటీపీ ఊళ్లో అమ్మ ఫోనుకొస్తుంది. ఆమె వాట్సాప్ కాల్‌లో ఒక్కో అంకె చదివి చెబుతుంది. మన ఇళ్లలో ఇది మామూలు విషయం. ఏళ్ల తరబడి ఫోన్‌లో ఓటీపీ చదవడం అలవాటైన తల్లి, రేపు బ్యాంకు మేనేజర్‌నంటూ ఒకడు మర్యాదగా అడిగితే చెప్పదా? ఓటీపీ బదులు కొడుకు ఫోన్లోని యాప్‌లోనే ఓకే నొక్కే పద్ధతి పెడితే ఆమె మధ్యలో ఉండక్కర్లేదు.

ఒక్క మంచి పని జరిగింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబర్ 31కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in) అడ్రస్‌కు మారాలని ఆర్‌బీఐ ఆదేశించింది. లాగిన్ అయ్యే ముందు అడ్రస్‌లో సైటు పేరు (మొదటి ఒంటి గీత '/'కు ముందున్న భాగం) చివర అదే ఉందో లేదో చూడమని ఇంట్లో అందరికీ చెప్పండి.

2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ గురించి బ్రాంచిలో ఎవరూ మనకు చెప్పరు. తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో లోపం జరిగి డబ్బు పోతే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం మన మీద పడదు. పొరపాటున ఓటీపీ చెప్పినా సరే, ఫిర్యాదు ఇచ్చాక పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. తప్పు ఖాతాదారుడిదని రుజువు చేయాల్సిందీ బ్యాంకే.

కాబట్టి డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకు హెల్ప్‌లైన్‌లో ఖాతా, కార్డు బ్లాక్ చేయించండి. ఫిర్యాదు రాసిచ్చి, నంబరు తీసుకునే బ్రాంచి నుంచి బయటికి రండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయండి, దానికి ఫీజు లేదు.