నిండు కుండ తొణకదు, ముందు నింపండి సామీ

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో స్తంభానికొకటి చొప్పున ఫ్లెక్సీలు వెలిశాయి. నీలం రంగు, మధ్యలో ఒకే ఒక్క నీటిచుక్క, చుట్టూ వలయాలు, పక్కన దువ్విన తెల్లగడ్డం. ‘జలమౌనం: మీలోని నిశ్చల సరస్సును కనుగొనండి. రెండు రోజుల అంతర్యాత్ర.’ వచ్చేటప్పుడు రాగి చెంబు, తెల్ల తువ్వాలు వెంట తెచ్చుకోవాలట. తాగే నీళ్లు మాత్రం అక్కడే అమ్ముతారట.

ఈ ఊరివాళ్లకు నీళ్లంటే ఏమిటో ఒకరొచ్చి చెప్పాలి మరి! తెల్లారుజామున లేచి కొళాయికి చెవి ఆనించి, పైపులో గాలి చప్పుడు నీళ్ల చప్పుడుగా ఎప్పుడు మారుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చునే ఆడవాళ్లున్న ఊరు ఇది. వాళ్ల ఏకాగ్రతకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి అది ధ్యానం కింద లెక్కకు రాలేదు.

సరే, మొదటి రోజు సాధన సంగతి చూద్దాం. ఏసీ హాలు మధ్యలో వెడల్పాటి ఇత్తడి ఉరుళి పెడతారు. అందులో 20 లీటర్ల క్యాన్ నీళ్లు పోసి, పైన గులాబీ రేకులు చల్లుతారు. కొళాయి నీళ్లు పనికిరావు, బ్లీచింగ్ వాసనకు ఆత్మ దగ్గరికి రాదు. సాధకులు చుట్టూ కూర్చుని నీటి మొహం అద్దంలా అయ్యేదాకా చూడాలి. నీరు నిలిస్తే మనసు నిలుస్తుందని సిద్ధాంతం.

నీరు నిలవదు. ఫ్యాను వేస్తే అలలు, ఆపితే చెమట. మే నెల తిరుపతిలో ఫ్యాను ఆపినవాడికి ఏ సరస్సూ కనిపించదు, ఆసుపత్రి కనిపిస్తుంది. ఏసీ పెడితే దాని గాలి నేరుగా ఉరుళి మీదికే కొడుతుంది. మనసు కదలడానికి అహంకారం కారణమని గురువుగారంటారు, ఏసీ రెక్కలు కిందికి దించి ఉన్నాయని ఎలక్ట్రీషియన్ అంటాడు. ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి రెక్కలు పైకి తిప్పగానే సగం నిశ్చలత సిద్ధిస్తుంది. మిగతా సగం పక్క స్థలంలో బోరు వేస్తున్న రిగ్గు చేతిలో ఉంది. సుత్తి రాతిని తాకిన ప్రతిసారీ ఉరుళిలో సన్నటి వలయాలు, అచ్చం ఫ్లెక్సీలో ఉన్నట్టే. సాధకులు పరవశించిపోతారు. కింద నీళ్లు పడుతున్నాయా, దుమ్మే వస్తోందా అని అడిగే ధ్యాస ఒక్కరికీ ఉండదు. మధ్యాహ్నం ఏసీ గొట్టం పూడిపోయి గోడ వెంట నీళ్లు కారతాయి. దాన్ని ‘ప్రకృతి ఆశీర్వాదం’ అని మైకులో ప్రకటిస్తారు. మాప్ పట్టుకొచ్చిన అమ్మాయికి మాత్రం అది మాపే. రెండో రోజుకు గులాబీ రేకులు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి, జిడ్డు తేలుతుంది, వాసన మొదలవుతుంది. అప్పుడు అగరొత్తులు వెలిగిస్తారు.

నిలిచిన నీరు గొప్పదని ఈ భూమ్మీద మనస్ఫూర్తిగా నమ్మే ప్రాణి ఒకటుంది. డెంగీ దోమ. దానికి మురుగు అక్కర్లేదు. శుభ్రమైన, కదలని, ఎవరూ ముట్టుకోని నీరు చాలు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అంటిస్తుంది. ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. పిల్ల పురుగు తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి ఊపిరి పీలుస్తుంది. శీర్షాసనమూ ప్రాణాయామమూ ఒకేసారి, రుసుము లేకుండా. గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజులు. అందుకే వారానికొకసారి తొట్టిలో నీళ్లు ఒంపేసి, గోడల్ని పీచుతో గట్టిగా తోమి, ఆరబెట్టి, మళ్లీ నింపమంటారు. ఉత్తినే ఒంపితే చాలదు, గుడ్లు గోడకే ఉంటాయి.

క్లోరిన్ కూడా నిలకడ నీటిలో ఉండదు. 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు లెక్క. నేరుగా చల్లకూడదు. ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం తొట్టిలో పోసి గంటసేపు ఆగాలి. కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. అదే నీటిని వెడల్పాటి పాత్రలో మూత లేకుండా రాత్రంతా ఉంచితే ఆ కాస్తా గాలిలో కలిసిపోతుంది. ఉరుళిలో మిగిలేది కాపలా లేని నీరు.

కొండ మీది స్వామి పుష్కరిణినే ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నెల రోజులు మూస్తారు. నీళ్లన్నీ తోడేసి, పాచి గోకి, మెట్లు కడిగి, మరమ్మతులు చేసి కొత్త నీళ్లు నింపుతారు. అన్నాళ్లూ పుష్కరిణి హారతి కూడా ఉండదు. వేంకటేశ్వరుడి కోనేటికే తప్పని పాచి, వీళ్ల ఇత్తడి గిన్నెకు పట్టదా? పాపవినాశనానికి వెళ్లినా జనం ధార కిందే నిలబడతారు, పాపాలు వదిలించుకోవడానికి కూడా పారే నీళ్లే కావాలి.

నీటికి జ్ఞాపకశక్తి ఉందని రెండో రోజు ఉపన్యాసం. ఈ మాట మీద 1988లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త పత్రం ‘నేచర్’లో వచ్చింది. ఆ పత్రిక సంపాదకుడే ఇద్దరిని వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వెళ్లి, ఏ గొట్టంలో ఏముందో తెలియకుండా చేసి మళ్లీ ప్రయోగం పెట్టిస్తే ఫలితం మాయమైంది. అయినా వాదన కోసం ఒప్పుకుందాం. తిరుపతి కొళాయిలోకి వచ్చే తెలుగుగంగ నీరు శ్రీశైలంలో బయల్దేరి, పోతిరెడ్డిపాడు దాటి, వెలుగోడు, సోమశిల మీదుగా కండలేరు చేరి, ఆ తర్వాతే పైపెక్కుతుంది. దానికే గనక జ్ఞాపకం ఉంటే దారిలో ఎవరెవరు ఏం కలిపారో చెబుతుంది. విని తట్టుకునే సాధకులు కావాలి.

ఇక ‘మీలోని శూన్యాన్ని దర్శించండి’ అనే ఘట్టం. ఖాళీ పాత్ర ముందు కూర్చోవడం. నీళ్లకూ శూన్యానికీ ఉన్న సంబంధం ఈ ఊళ్లో ఒకసారి బహిరంగంగానే రుజువైంది. 2021 నవంబరు వరదల తర్వాత శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి ఆవరణలో పాతిన సిమెంటు వరల తొట్టి, లోపల ఇల్లాలు శుభ్రం చేస్తూ ఉండగానే, నేలను చీల్చుకుని మనిషెత్తు దాటి పైకి లేచింది. ఆమె భయంతో బయటపడింది. ఊరంతా తిరునాళ్లలా వెళ్లి చూసింది. మహిమ అన్నవాళ్లూ ఉన్నారు.

మహిమ కాదు, బరువుల లెక్క. 4 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు తొట్టి అనుకోండి. చుట్టూ నేల నీటితో నాని ఉంటే దాన్ని పైకి తోసే బలం దాదాపు 7 టన్నులు. రెండంగుళాల మందం వరలన్నీ కలిపి తూచినా 3 టన్నులు దాటవు. నిండుగా ఉన్నన్నాళ్లు లోపలి నీటి బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. తోడేశామా, నానిన మట్టికి పట్టు లేదు కాబట్టి తేలుతుంది. అందుకే వరద తీయగానే సంపు ఖాళీ చేయకూడదు, భూమిలో నీరు దిగేదాకా ఆగాలి. కొత్తగా కట్టేవాళ్లు కింది స్లాబును గోడల బయటికి చుట్టూ ఒక అడుగు వెడల్పుగా పోస్తే, దాని మీద పడే మట్టి బరువు తొట్టిని కదలనివ్వదు.

నిండు కుండ తొణకదని మన పెద్దలు ఊరికే అనలేదు. నిశ్చలత కావాలంటే ముందు కుండ నిండాలి. ఎవరు నింపుతారు? శేషాచలం మీద పడిన వాన వంకల్లో దిగి మొదటి చెరువుకు చేరేది. అది నిండి మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు, దాని మొరవ ఇంకా కిందికి, చివరికి స్వర్ణముఖికి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో నీరుగట్టికి తెలుసు. కట్ట కింద వరి, కట్ట మీద తాటిచెట్లు, గాలి లేని పూట నీళ్లలో కొండ నీడ. ఫ్లెక్సీలో వెతుక్కోమన్న సరస్సు అదే కదరా! దాన్ని గ్రావెల్ తోలి పూడ్చిందెవరు? వంకను మూడడుగుల కాలువగా నొక్కి దాని మీద గోడ లేపిందెవరు? ఆ స్థలంలో ప్లాట్లు కోసి ‘లేక్ వ్యూ’ అని పేరు పెట్టడానికి నోరెలా వచ్చింది? 2021లో కొండ నీళ్లు పాత దారి వెతుక్కుంటూ వచ్చి ఇళ్లలో మంచాలెత్తు నిలబడ్డాయి. రాయలచెరువు కట్ట ఊటెత్తితే కింది పల్లెల జనం మూటలు కట్టుకుని పరిగెత్తారు. ఆ రాత్రి పసిపిల్లల్ని చంకనేసుకుని మోకాటి లోతు నీళ్లలో నడిచినవాళ్ల ముందుకు ఇవాళ గిన్నె తెచ్చి ‘నీటిని చూసి శాంతించండి’ అంటారా? సిగ్గుండాలి.

పోనీ, ఆత్మాన్వేషణ చేయాల్సిందే అంటారా? చేద్దాం. రాగి చెంబు ఇంట్లో పెట్టండి, చింతపండుతో తోమితే పూజకు పనికొస్తుంది. మీ దస్తావేజు తీసి సర్వే నంబరు రాసుకోండి. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి పాత డైగ్లాట్‌లో, అంటే ఏ నంబరు ఏ రకం భూమో రాసిన రెవెన్యూ రిజిస్టరులో, ఆ నంబరు ఎదురుగా ఏముందో చూపించమనండి. ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు అడగండి, వంక గీత ఎటుగా పోతోందో వేలితో చూసుకోండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ జాబితాలో ఉందేమో వాకబు చేయండి. రెండు రోజులు సరిపోవు, గుమస్తా సెలవులో ఉంటాడు. డైగ్లాట్‌లో ‘చెరువు పోరంబోకు’ అని కనిపిస్తే, వెంటనే మరో అర్జీ పెట్టి ఆ జలమౌనం జరిగే హాలు సర్వే నంబరు కూడా అడగండి.