టెన్త్ పరీక్షలు ఎక్కడికీ పోలేదు మహాప్రభో!

మళ్లీ వచ్చింది. "36 ఏళ్ల తర్వాత కొత్త విద్యా విధానానికి కేబినెట్ ఆమోదం! ఇక టెన్త్ బోర్డు ఉండదు, 12కే బోర్డు. ఎం.ఫిల్. రద్దు. ఐదో తరగతి దాకా మాతృభాషలోనే చదువు. 9 నుంచి సెమిస్టర్లు. అందరికీ షేర్ చేయండి." 2020 నుంచి తిరుగుతున్న మెసేజ్ ఇది. తప్పని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ చెప్పినా ఆగలేదు. ఈసారి పంపింది మా టీచర్ల గ్రూపులో, అదీ ఇద్దరు!

36 ఏళ్లట. పాత విధానం 1986లో వచ్చింది, కొత్తది 2020లో. మధ్యలో ఎన్నేళ్లో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. సెమిస్టర్లంటారా, బోర్డులు కావాలంటే ఆ పద్ధతీ చూడొచ్చన్న మాటను "ఇక సెమిస్టర్లే" చేసేశారు. మాతృభాష గురించి విధానంలో "వీలైన చోటల్లా" అని ఉంది. ఆ రెండు మాటలూ ఫార్వర్డయ్యేలోపు దారిలో ఎక్కడో జారిపోయాయి. విధానం వచ్చిన రెండేళ్లకే తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది మరి.

ఇక టెన్త్. పది, పన్నెండు బోర్డు పరీక్షలు కొనసాగుతాయని విధానంలోని 4.37వ పేరాలో ఉంది. సీబీఎస్‌ఈ అయితే తీసేయడం అటుంచి, 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండుసార్లు పెట్టాలని నిర్ణయించింది.

దీని మీదే ఎందుకింత చిరాకంటే, పరీక్ష ఫీజు కట్టించుకునే రోజుల్లో ఒకావిడ పొలం పని మధ్యలో బడికొచ్చి, "సార్, టెన్త్ తీసేశారంట కదా, మా పిల్లని ఇంక పనికి తీసుకుపోవచ్చా?" అని అడిగింది. ఫార్వర్డ్ చేసిన మహానుభావుల పిల్లలకు ఈ సందేహం రాదు. వాళ్లకు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్. ఆ అమ్మాయికి ఉన్నదల్లా టెన్త్ మార్కుల మెమో. పాలిటెక్నిక్‌కు అదే, పోస్టాఫీసులో జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) ఉద్యోగానికి అదే, రేపు పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువూ అదే. నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీల్లో సీట్లిచ్చేదీ ఆ మార్కులతోనే.

తీసేస్తే ఏమవుతుందో కరోనా అప్పుడే చూశాం. 2020లో ఆంధ్రాలో పరీక్షల్లేక ట్రిపుల్ ఐటీలకు విడిగా ఎంట్రెన్స్ పెట్టాల్సి వచ్చింది. 2021లో తెలంగాణలో బడులు వేసిన ఇంటర్నల్ మార్కులే లెక్కలోకి తీసుకుంటే 2 లక్షల మందికి పైగా 10 జీపీఏ! పిల్లలంతా రాత్రికి రాత్రి మేధావులైపోయారన్నమాట. సమానత్వం పేరుతో బోర్డు పరీక్ష తీసేయమనే పెద్దలు ఒక్క మాట చెప్పాలి: అప్పుడు మా బడి పిల్ల మార్కుల్ని, లక్షల ఫీజు గుంజే బడి తన పిల్లలకు తానే వేసుకున్న మార్కుల్ని ఏ తక్కెడలో తూస్తారు?

అలాగని ఈ పరీక్షను నెత్తిన పెట్టుకోమనడం లేదు. జనవరి నుంచి మేం చేసేది బోధన కాదు, స్లిప్ టెస్టులు. గైడ్‌లో ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కులు పెట్టించి బట్టీ వేయిస్తాం. ల్యాబ్ తాళం ఆ మూడు నెలలూ తియ్యం. మార్చాల్సింది అది, మార్చమని విధానం కూడా చెబుతోంది. ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

పీజీ తర్వాత చేసే పరిశోధన డిగ్రీ ఎం.ఫిల్. రద్దన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మా గ్రూపులో అది చేద్దామనుకున్నవాళ్లు ఎవరూ లేరు.